పాటగాడి ఇల్లు

న్యూయార్క్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు చూడబోయినవాళ్లకి ఆయన భోజనం చేస్తూ మాట్లాడిన మాటలు వినిపిస్తారు. జాజ్ అనగానే గుర్తొచ్చే ఆ ట్రంపెట్ విద్వాంసుడు పోయింది 1971లో. భోజనాల దగ్గర కబుర్లు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి! ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు పాటగాళ్ల ఇళ్ల పిచ్చి పట్టుకుంది.

ఇల్లు దాచుకోవడం కొత్తేమీ కాదు. మొజార్ట్ పుట్టిన ఇంట్లో సాల్జ్‌బర్గ్ వాళ్లు 1880లోనే మ్యూజియం పెట్టారు. బాన్‌లో బీతోవెన్ పుట్టిన ఇల్లు చెయ్యి జారిపోకుండా 1889లో ఊరివాళ్లు పన్నెండుమంది సంఘం కట్టారు. ఉత్తరాలు, వాయిద్యాలు అన్నీ ఉంటాయక్కడ. వాళ్ల గొంతే ఉండదు.

మన త్యాగయ్యదీ అంతే. ఆయన 1847లో పోతే, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా ముందొచ్చి ఉంటే ఏం పోయేది? తిరువయ్యారులో సమాధి కూడా పాడుబడిపోతే, గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1921లో పూనుకుని, సొంత డబ్బు పెట్టి గుడి కట్టించారు. తీరా అక్కడ ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు పెద్దలు. కట్టించిందేమో ఆవిడ! ఊరుకుంటారా, ఆడవాళ్లతో వేరే జట్టు కట్టి పాడించారు.

ఇక నాకిష్టమైన ఇంటి దగ్గరకొస్తాను. క్వీన్స్‌లో కరోనా అనే పేటలో 1943లో ఆ ఇల్లు కొన్నది ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య లూసిల్. మొగుడికి చూపించకుండానే కొనేసింది. ఊళ్లు తిరిగి కచేరీలు చేసి వచ్చినాయన టాక్సీలోంచి ఆ ఇల్లు చూసి, వేళాకోళాలు చాలించి చెప్పిన అడ్రసుకు పోనిమ్మని డ్రైవర్‌ను కసిరాడట. ప్రపంచమంతా పేరున్నా, చచ్చేదాకా ఆ మామూలు పేట వదల్లేదు. సాయంత్రాలు గుమ్మం మెట్ల మీద వీధి పిల్లలతో కూర్చునేవాడు. స్నానాలగదికి బంగారు పూత కుళాయిలు, వంటింటికి నీలం అల్మారాలు లూసిల్ సరదా. ఆయన సరదా టేపు రికార్డరు. 1950ల నుంచి చేతికందిందల్లా రికార్డు చేశాడు: సాధన, జోకులు, స్నేహితుల కబుర్లు. సుమారు 700 టేపులు. పత్రికల్లో బొమ్మలు కత్తిరించి, ఆ టేపుల అట్టపెట్టెల మీద తనే అతికించేవాడు. ఒక్కో పెట్టె ఒక్కో బొమ్మల కొలువు. లూసిల్ 1983లో పోయాక ఇల్లు నగరానికి దక్కింది. 2003లో జనానికి తలుపులు తీశారు.

ఇక మన పాటగాడి ఇల్లు. సముద్రం ఒడ్డునున్న మా మైపాడు నుంచి నెల్లూరు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మైపాడు గేటు దాటి ఊళ్లోకి పోతే తిప్పరాజువారి వీధి వస్తుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రిగారి ఇల్లు అక్కడే. తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. ఆ ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయారు. సొంత ఇల్లు, మనసారా ఇచ్చుకున్నారు, కాదనడానికి మనమెవరం? పిల్లలు వల్లెవేస్తుంటే ఆ ఇల్లు మూగపోయిందనీ అనలేం. అయినా నాకు వెలితిగానే ఉంటుంది. 1966లో సినిమాకు పాడటం మొదలుపెట్టిన బాలు గొంతు ఇవాళ ప్రతి ఫోన్‌లోనూ ఉంది. దానికి మ్యూజియం అక్కర్లేదు. నాకు కావలసింది ఆ గొంతు వెనకాల ఇల్లు: నాన్న చిడతల చప్పుడు, కథ మధ్యలో పిట్టకథ, కొడుకును పిలిచే తీరు. చెన్నైలో బాలు ఉన్న వీధికి ఆయన పేరు పెట్టారు, సంతోషమే. వీధి పేరు పాడదుగా.

2020 నవంబరులో నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు బాలు పేరు పెట్టారు. సాంబమూర్తి గారి హరికథలు, ఆ ఇంటి కబుర్లు వినిపించడానికి అందులో ఒక్క గది చాలంటాను. జిల్లాలో ఆ హరికథలు టేపు చేసుకున్న ఇళ్లు ఉండే ఉంటాయి. అటకలు దింపండి. మా తీరం ఉప్పుగాలికి క్యాసెట్ స్క్రూలు కూడా తుప్పు పడతాయి, ఆలస్యం చేస్తే పనికిరావు. టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ప్లేయర్‌లో పెట్టకండి. బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. ముందు తెలిసినవాళ్ల చేత తుడిపించి, ఆ తర్వాతే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.