కెర్నెల్‌లో కాలగణన: 32 బిట్‌ల నుంచి 64 బిట్‌లకు

చరిత్ర అనగానే మీకు రాజ్యాలు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకు రావచ్చు. యంత్రాలు కాలాన్ని లెక్కించే పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. పొదుపు కోసం ఒక తరం తీసుకున్న నిర్ణయం తరువాతి తరానికి ఎంత పని మిగిల్చిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నేపథ్యం

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. 1971లో అది కాలాన్ని సెకనులో 60వ వంతు చొప్పున 32 బిట్‌లలో లెక్కించేది. ఆ లెక్క సుమారు రెండుంపావు సంవత్సరాలకే నిండిపోతుంది. అందువల్ల తరువాత పూర్తి సెకన్లకు మారి, 1970 జనవరి 1ని ఆరంభంగా స్థిరపరిచారు. ఆనాడు కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదైనది. కాబట్టి 32 బిట్‌లే కొనసాగాయి.

ధన, రుణ సంఖ్యలు రెండింటికీ చోటివ్వాలి కనుక 32 బిట్‌లలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. ఇన్ని సెకన్లు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పూర్తవుతాయి. మరుసటి సెకనుకు అటువంటి యంత్రం 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది.

2038 ఇంకా దూరంలో ఉంది కదా అని మీరు అనుకోవచ్చు. 2018లో ఇచ్చిన 20 ఏళ్ల గృహరుణం ఎప్పుడు తీరుతుందో లెక్క కట్టండి. భవిష్యత్తు తేదీలతో పనిచేసే ప్రోగ్రాములకు ఈ సమస్య ముందే ఎదురవుతుంది. పైగా కర్మాగారాలలో అమర్చిన నియంత్రణ యంత్రాలు దశాబ్దాల పాటు పనిచేస్తాయి.

సంఖ్యను పెంచితే సరిపోదా?

అచ్చువేసిన దరఖాస్తు ఫారంలో గడులు ఇన్ని అని నిర్ణయమై ఉంటాయి. ప్రోగ్రాముకూ కెర్నెల్‌కూ మధ్య ఒప్పందం అటువంటిదే. 32-బిట్ ప్రోగ్రాము కాలం కోసం 8 బైట్ల చోటు కేటాయించి కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ అక్కడ 16 బైట్లు రాస్తే పక్కనున్న సమాచారం చెడిపోతుంది.

2014లో ఓపెన్‌బీఎస్‌డీ తన 5.5 సంచికలో ఈ ఒప్పందాన్నే మార్చివేసింది. కెర్నెల్‌నూ ప్రోగ్రాములనూ ఒకేచోట తయారుచేస్తుంది కనుక దానికి అది సాధ్యమైంది. లినక్స్‌కు ఆ వెసులుబాటు లేదు. నడుస్తున్న ప్రోగ్రామును కెర్నెల్ మార్పు చెడగొట్టరాదన్నది లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టి నిలిపిన నియమం.

మార్పులోని దశలు

లినక్స్‌లో ఈ పని మెల్లగా సాగింది. 2014లో కెర్నెల్ లోపల ‘టైమ్‌స్పెక్64’ అనే కొత్త నిర్మాణం వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ వేర్వేరు పేర్లు ఉండడం వల్ల ఎక్కడ మార్చారో, ఎక్కడ మిగిలిందో తెలుసుకోవడం సులభమైంది. ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ ఈ కృషికి ముందుండి నడిపారు. ఫైళ్ల కాలముద్రలను మార్చడంలో దీపా దినమణి ప్రధాన పాత్ర వహించారు. ఆ మార్పు 2018లో 4.18 సంచికలో చేరింది.

2019లో 5.1 సంచిక 32-బిట్ యంత్రాల కోసం కొత్త సిస్టమ్ కాల్‌లను ఇచ్చింది. పాతవాటిని తొలగించకుండా, పక్కనే కొత్తవి చేర్చారని గమనించండి. 2020లో వచ్చిన 5.6 సంచికతో 32-బిట్ లినక్స్ 2038ని దాటగల స్థితికి చేరింది.

అయితే కెర్నెల్ సిద్ధమైతే చాలదు. ప్రోగ్రాములు ఆధారపడే సి లైబ్రరీలలో మజల్ 2020లో, జీలిబ్‌సి 2021లో 64-బిట్ కాలానికి వీలు కల్పించాయి. ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేయవలసిందే. 2025లో విడుదలైన డెబియన్ 13 దాదాపు అన్ని రకాల యంత్రాలకు ఈ మార్పు చేసింది. పాత ఇంటెల్ 32-బిట్ రకాన్ని మాత్రం, పాత ప్రోగ్రాములు నడవడం కోసమే, మార్చకుండా ఉంచింది.

ముగింపు

2000 సంవత్సరపు సమస్యను మీ ఇంటి పెద్దలు కొందరు ఎరిగే ఉంటారు. కోబాల్ నేర్చుకుని ఆ పని మీద అమెరికా వెళ్లిన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ రోజు పెద్ద ప్రమాదం జరగకపోయేసరికి, అంతా అనవసరపు హడావిడి అన్నవారూ ఉన్నారు. ప్రమాదం జరగకపోవడానికి ముందుగా జరిగిన పనే ముఖ్య కారణం. 2038 విషయంలోనూ కెర్నెల్ పని చాలావరకు పూర్తయింది. కొత్త సాఫ్ట్‌వేర్ అందని పాత యంత్రాలే ఇప్పుడు మిగిలిన సమస్య. వాటిని గుర్తించి మార్చే బాధ్యత ఇకపై వాటిని వాడే సంస్థలది, అక్కడ పనిచేయబోయే మీవంటి వారిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పాత సిస్టమ్ కాల్‌లను తొలగించకుండా కొత్తవాటిని ఎందుకు చేర్చారు? ఐదు వాక్యాలలో రాయండి.