గోడకెక్కిన మామూలు ముఖాలు

లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీని 1856లో స్థాపించింది చరిత్ర కోసం. బొమ్మ బాగోగుల కంటే అందులో ఉన్నదెవరన్నదే అక్కడ ముఖ్యం. మొదట చేరింది షేక్‌స్పియర్‌దని చెప్పే చాందోస్ చిత్రం: నల్లని దుస్తులు, వదులుగా వేలాడే కాలర్ తాళ్లు, ఎడమ చెవికి బంగారు పోగు. సింహాసనం మీదున్నవారికి, వారి జీవిత భాగస్వామికి తప్ప బతికున్నవారికి చోటు లేదు; పోయాక పదేళ్లు ఆగాల్సిందే. 1969లో ఆ నియమం పోయింది. 1980లో మొదలైన వార్షిక పోటీతో చిత్రకారుల ఇంటివాళ్లు, స్నేహితులు కూడా గోడకెక్కారు. నేటి పోర్ట్రెయిట్ ప్రదర్శనలో మనం చూస్తున్నది ఈ మార్పునే: మనిషి హోదా వెనక్కి తగ్గి, చిత్రకారుడి చూపు ముందుకొచ్చింది.

ఫొటోలుండగా ఈ బొమ్మలెందుకని అడగవచ్చు. కానీ డాగరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. గ్యాలరీ పుట్టిందే ఆ తర్వాత. కెమెరా ఒక క్షణాన్ని పడితే, ఎన్నోసార్లు కూర్చోబెట్టి గీసిన బొమ్మలో మారే వెలుగు, అలసట, విసుగు అన్నీ పోగవుతాయి. ముక్కూమొహం తెలియనివారి బొమ్మ చరిత్రెలా అవుతుందన్నది మరో అభ్యంతరం. పాలకుల ముఖాలతోనే ఒక కాలం పూర్తిగా తెలుస్తుందనుకుంటేనే అది నిలుస్తుంది. పేరున్నవారికి ఇప్పటికీ పెద్ద గోడే దక్కుతుంది, నిజమే. అయితే ఆ గోడ ఇక వారొక్కరి సొత్తు కాదు.