కంటికి కనబడని మరక

పెళ్లి గౌనును శుభ్రం చేయించి పెట్టెలో భద్రపరచడం అమెరికాలోనూ యూరప్‌లోనూ ఇప్పుడొక ప్రత్యేక వృత్తి. ఇది తాతల నాటి ఆచారమనుకుంటాం గానీ, రెండు వందల ఏళ్ల కిందట అక్కడ ఈ అవసరమే లేదు. పెళ్లికూతురు ఉన్నవాటిలో మంచి గౌను వేసుకునేది. అది నీలమైనా కావచ్చు, ఎరుపైనా కావచ్చు. ఆ తర్వాత చర్చికీ విందులకీ అదే. చిరిగితే కుట్టుకునేది, వెలిసిపోతే ముదురు రంగు వేయించుకునేది, చివరికి పిల్లల బట్టలకు కత్తిరించేది. రోజూ వాడుకునే బట్టను దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

1840 ఫిబ్రవరి 10న ఇంగ్లండు రాణి విక్టోరియా తెల్లటి శాటిన్ పట్టు గౌనులో పెళ్లి చేసుకుంది. పట్టు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లది. లేసును డెవన్ తీరంలోని బీర్ గ్రామంలో ఆడవాళ్లు చేత్తో అల్లారు. యంత్రాల మీద తయారైన లేసు వచ్చి వాళ్ల పొట్ట కొడుతున్న రోజులవి. రాణి ఎంపికతో వాళ్లకు పని దొరికింది. తెల్ల గౌనులో పెళ్లాడిన మొదటి రాణి ఆమె కాదు. కానీ ఆ పెళ్లి బొమ్మలు అచ్చయి ఊరూరా తిరగడంతో తెలుపు మీద మోజు పెరిగింది. విక్టోరియా మాత్రం తన లేసును దాచిపెట్టుకుని కూర్చోలేదు. ఎన్నో వేడుకల్లో వేరే దుస్తుల మీద ధరించింది. 1897లో తన పాలన వజ్రోత్సవానికి విడుదల చేసిన ఫొటోలో కూడా ఆ లేసే కనిపిస్తుంది. తెల్ల గౌను ఒక్కరోజుకే పరిమితమైంది ఆ తర్వాతే. ముందు డబ్బున్న ఇళ్లలో మొదలైన ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మధ్యతరగతిలోనూ స్థిరపడింది. ఒక్కరోజు వేసుకుని మళ్లీ ముట్టని బట్ట కాబట్టే దాన్ని ఏళ్ల తరబడి నిలపాలన్న తాపత్రయం పుట్టింది.

ఇక శుభ్రత సంగతి. నీటికి పట్టు మెరుపు పోతుంది, రంగు కారుతుంది, లేసు ముడుచుకుపోతుంది. నీళ్లు లేకుండా బట్ట ఉతికే దారి కోసం చాలామంది వెతికారు. న్యూయార్క్ దర్జీ థామస్ జెన్నింగ్స్ 1821లో అలాంటి పద్ధతికి పేటెంటు పొందాడు. అమెరికాలో పేటెంటు పొందినట్టు తెలిసిన తొలి నల్లజాతీయుడు ఆయనే. సంపాదనలో కొంత బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి ఇచ్చాడు. 1836లో పేటెంటు కార్యాలయం కాలిపోయి, అందులో ఆయన పత్రాలు కూడా బూడిదయ్యాయి. ఆ పద్ధతి ఏమిటో ఇక తెలుసుకునే దారి లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే నష్టం ఇదే. మరో విశేషం: అదే 1821లో లండన్‌లో మైకేల్ ఫారడే క్లోరిన్, కార్బన్ కలిసిన ఒక కొత్త ద్రవం గురించి ప్రచురించాడు. వందేళ్ల తర్వాత ప్రపంచంలోని డ్రై క్లీనింగ్ దుకాణాలను చాలావరకు ఏలిన పెర్‌క్లోరో ఎథిలీన్ అదే. దానితో బట్టలు ఉతకవచ్చన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు.

పారిస్‌లో రంగుల అద్దకం చేసే జాలీ అనే ఆయన ఇంట్లో పనమ్మాయి దీపం నూనె ఒలకబోస్తే, ఆ మేర బల్లగుడ్డ శుభ్రపడిందనీ, డ్రై క్లీనింగ్ అలా పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథలో నిజం పాలు ఎంతైనా, పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా పారిస్ అద్దకం దుకాణాలు టర్పెంటైన్, బెంజీన్ లాంటి ద్రవాలతో బట్టలు శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. ఇవన్నీ మంటను ఇట్టే అందుకునేవే. తొట్టిలోంచి పట్టుబట్టను విసురుగా లాగితే పుట్టే చిన్న విద్యుత్ మెరుపు చాలు, గది అంటుకోవడానికి. ఎందరో పనివాళ్లు అలా కాలిపోయారు. అంత తేలిగ్గా మండని స్టాడర్డ్ ద్రావకం అమెరికాలో 1928లో ప్రమాణంగా స్థిరపడ్డాకే ఆ భయం కొంత తగ్గింది. 1930ల నుంచి ఫారడే ద్రవం రంగంలోకి దిగింది. అది మండదు, జిడ్డును చక్కగా కరిగిస్తుంది, ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకోవచ్చు. వ్యాపారులకు ఇంకేం కావాలి?

ఈలోగా పట్టుకు మరో చోట చేటు జరిగింది. పట్టుదారం మీద ఉండే సహజమైన జిగురును ఉడికించి తీసేస్తే బరువు నాలుగో వంతు దాకా పడిపోతుంది. పట్టును తూకానికి అమ్ముతారు కాబట్టి, తగ్గిన బరువును తగరపు లవణాలతో భర్తీ చేసేవారు. కొందరు అంతకు మించి కూడా పట్టించారు. అలాంటి బట్ట చేతికి బరువుగా తగులుతుంది, కదిలితే గలగలలాడుతుంది, కొనేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. కొన్ని దశాబ్దాలు గడిస్తే మడత మడతకూ నిలువునా చీలిపోతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కుట్టిన పెళ్లి గౌన్లు ఎన్నో ఇవాళ ముట్టుకుంటే ముక్కలవుతున్నాయి. ఎవరూ సరిగా దాచక కాదు. నేత మగ్గం ఎక్కకముందే వాటికి ఆయువు తీరింది.

గౌనుకు అసలు శత్రువు పెళ్లి రాత్రి కనబడదు. షాంపేన్ చుక్క, కేకు మీది తీపి, నిమ్మరసం ఆరిపోయాక ఏ జాడా మిగలదు. డ్రై క్లీనింగ్ ద్రావకం జిడ్డును కరిగిస్తుందే తప్ప చక్కెరను కాదు. చక్కెరకు నీళ్లే కావాలి. దుకాణం నుంచి తళతళలాడుతూ వచ్చిన గౌనులో ఆ చక్కెర అలాగే ఉండిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ గాలికీ వేడికీ పాకం ముదిరినట్టు గోధుమరంగులోకి తిరుగుతుంది. చెమట ఉప్పుదీ, చంకల్లో రాసుకునే మందులోని అల్యూమినియందీ అదే దారి. 1981లో బ్రిటన్ యువరాణి డయానా పెళ్లి ఉదయం గౌను ముందుభాగం మీద అత్తరు ఒలికిందనీ, ఆ మచ్చను చేత్తో కప్పుకుని నడిచిందనీ ఆమెకు అలంకరణ చేసినావిడ తర్వాత చెప్పింది. పాతిక అడుగుల జీరాడే కొంగు మీద లోకం కళ్లు పడినా, అరచేతంత మరక ఎవరి కంటా పడలేదు.

పనితనం తెలిసిన క్లీనర్ పని మొదలయ్యేది దీపం దగ్గర. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి వేస్తే, మామూలు వెలుతురులో కనబడని వైన్, చెమట చుక్కలు చాలావరకు మెరుస్తూ బయటపడతాయి. ఒక్కోదాన్ని గుర్తుపెట్టుకుని, అడుగున తెల్లగుడ్డ పరిచి, నీటి చుక్కతో మెల్లగా అద్దుతూ తీస్తారు. పూసల పరీక్ష వేరే ఉంటుంది. లోపలివైపు ఒక పూసకు ద్రావకంలో ముంచిన దూది తాకిస్తారు. జిగురుతో అంటించిన పూస అయితే ఊడివస్తుంది. ప్లాస్టిక్‌దైతే మెత్తబడుతుంది, తళుకుబిళ్ల అయితే పూత పోతుంది. నేలను ఊడ్చుకుంటూ నడిచిన అడుగు అంచును మాత్రం మెత్తటి బ్రష్‌తో చేత్తోనే తోముతారు. అది యంత్రానికి వదిలే పని కాదు. అమెరికాలో బట్టల మీద శుభ్రత సూచనల చీటీ తప్పనిసరి చేసిన నియమం 1971లో వచ్చింది గానీ, గుడ్డకూ పూసలకూ జిగురుకూ లోపలి అస్తరుకూ తలో సూచన అవసరమైన గౌనుకు ఒక్క చీటీ ఏం సరిపోతుంది?

భద్రపరిచే పాఠాలు మ్యూజియంల నుంచి వచ్చాయి. 1956లో హెలెన్ రోజ్ రూపకల్పనతో ఎంజీఎం స్టూడియో కుట్టించిన హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ పెళ్లి గౌను అదే ఏడాది ఫిలడెల్ఫియా మ్యూజియానికి చేరింది. 2006లో దాన్ని మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. అలాంటి బట్టల మీద సాధారణంగా 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు. కాంతి చేసిన చేటును ఏ మందూ పోగొట్టలేదు. వస్త్ర పరిరక్షకురాలు కారెన్ ఫించ్ 1975లో ఇంగ్లండులోని హాంప్టన్ కోర్ట్‌లో ప్రారంభించిన వస్త్ర పరిరక్షణ కేంద్రం ఈ విద్యను ఒక క్రమంలో నేర్పింది. మళ్లీ వెనక్కి తీయలేని పని ఏదీ చేయకూడదన్నది ఆ విద్యకు ప్రాణం.

ఇళ్లలో పాత అలవాటు వేరు. గౌనును నీలం కాగితంలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టేవారు, తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. చెక్క నుంచీ మామూలు అట్ట నుంచీ ఆమ్లం వస్తుంది. ప్లాస్టిక్‌లో కలిపే బీహెచ్‌టీ అనే రసాయనం గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి బట్టను పసుపు చేస్తుంది. అందుకే ఇప్పుడు ఆమ్లం లేని అట్టపెట్టె, టిష్యూ కాగితం వాడుతున్నారు. పట్టుకు సున్నపురాయి పొడి కలిపిన కాగితం పనికిరాదు, నూలుకు మేలు. గౌను చేతుల్లో కాగితం ఉండలు కూరి, మడత పదునుగా పడకుండా సర్దుతారు. పెట్టెకు సీలు వేసి, విప్పితే గ్యారంటీ పోతుందనే దుకాణాలు కొన్ని ఉన్నాయి. నాకిది ఏమాత్రం నచ్చదు. కొన్నేళ్లకోసారి తెరిచి చూసి మడత మార్చకపోతే లోపల ఏం ముదురుతోందో ఎలా తెలుస్తుంది?

మన ఇళ్లలోనూ ఈ లెక్క పనికొస్తుంది. పట్టు ఎక్కడైనా పట్టే. ధర్మవరం చీరను ఉతికిన తెల్లపంచెలో చుట్టి, అప్పుడప్పుడూ నీడన ఆరబెట్టి, మడత మార్చి పెట్టిన అమ్మమ్మల పద్ధతి మ్యూజియం వాళ్లు చెప్పేదానికి దగ్గరగానే ఉంది. జరీకి తగిలేలా నాఫ్తలీన్ ఉండలు వేయడం మాత్రం మానాలి. పాయసం ఒలికిన చీరను ద్రావకంలో ముంచి ఇచ్చేస్తే, షాంపేన్ పడ్డ గౌనుకు జరిగిందే దానికీ జరుగుతుంది. తీపి ఎక్కడ పడిందో దుకాణంలో నోరు తెరిచి చెప్పాలి.

ఫారడే ద్రవం కథ ముగింపుకు వస్తోంది. అది క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. దుకాణాల కింద నేలలోకి ఇంకి బావినీళ్లను పాడుచేసింది. బట్టలు ఉతకడానికి ఇచ్చినవాళ్లు దాని వాసన ఒక్కరోజు పీలిస్తే, పనిచేసేవాళ్లు బతుకంతా పీల్చారు. 1991లో జర్మనీలో మీలే, క్రాయిస్లర్ కంపెనీలు కంప్యూటర్ అదుపులో నీళ్లతోనే సున్నితమైన బట్టలు ఉతికే యంత్రాన్ని తెచ్చాయి. ఇవాళ్టి గౌన్లు చాలావరకు పాలిస్టర్‌వే కనుక వాటికి ఆ నీటి పద్ధతి సరిపోతుంది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫారడే ద్రవం వాడకాన్ని డ్రై క్లీనింగ్‌లో పదేళ్లలో పూర్తిగా ఆపేయాలని నియమం చేసింది. ఈ దుకాణాల్లో ఎన్నో చిన్నవి, కొరియా నుంచి వచ్చిన కుటుంబాలవి. కొత్త యంత్రం వాళ్లకు తలకు మించిన ఖర్చు. కాలిఫోర్నియా 2003లోనే ఆ ద్రవం మీద రుసుము వేసి, ఆ డబ్బులోంచి యంత్రం మార్చుకునే దుకాణానికి 10,000 డాలర్ల సాయం ఇచ్చే చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ అలాగే ఇవ్వాలి.