సాగనివ్వను: ‘వీటో’ అనే మాట వెనుక చరిత్ర

ప్రతిపాదనను కాదనడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. నిరాకరించవచ్చు, తిరస్కరించవచ్చు, త్రోసిపుచ్చవచ్చు, తోసిరాజనవచ్చు. పత్రికల ద్వారా మనకు అలవాటైన ‘వీటో’ కూడా ఈ వరుసలో చేరింది. ‘ఈ వేసవిలో ఇండియా ప్రయాణాన్ని మా ఆవిడ వీటో చేసింది’ అని వాడుకునేంతగా అది ఇంటిమాట అయింది. అయితే ఇది పై మాటలకు పర్యాయపదం కాదు. తన ముందుకు వచ్చిన ప్రతిపాదనను ఎవరైనా తిరస్కరించవచ్చు. పదిమంది ఒప్పుకున్నదాన్ని ఒక్కరు ఆపగలిగితేనే అది వీటో. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే ఆ మాట పుట్టిన చోటికి వెళ్ళాలి.

లాటిన్‌లో ‘వీటో’ నామవాచకం కాదు, క్రియ. ఉత్తమపురుష ఏకవచనం, వర్తమానకాలం. ‘నేను నిషేధిస్తున్నాను’ అనే పూర్తి వాక్యం ఆ ఒక్క మాటలో ఉంది. అప్పుల బాధతో విసిగిన రోమన్ సామాన్యులు క్రీ.పూ. 494లో నగరం విడిచి ఒక కొండ మీదికి వెళ్ళిపోయారనీ, ప్రభువర్గం రాజీకి దిగక తప్పలేదనీ సంప్రదాయ కథనం. ఆ రాజీలో పుట్టిన పదవి ట్రిబ్యూన్. ట్రిబ్యూన్ దగ్గర సైన్యం లేదు. అతని మీద చెయ్యి వేయడం మహాపాతకం అన్న కట్టుబాటే అతని బలం. అతని ఇంటి తలుపులు రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలి. తొలిరోజుల్లో సెనేట్ లోపలికి ప్రవేశం లేక, ట్రిబ్యూన్లు వాకిట్లో బల్ల మీద కూర్చొని లోపలి నిర్ణయాలను పరిశీలించేవారట. ఈ హక్కుకు రోమన్లు పెట్టిన అసలు పేరు ‘ఇంటర్సెస్సియో’, అంటే మధ్యకు రావడం. బలవంతుడికీ బలహీనుడికీ నడుమ ఒక మనిషి స్వయంగా వచ్చి నిలబడి, నోరు తెరిచి చెప్పే మాట అది.

ఆ మాట సామాన్యుల మీదికే తిరిగిన సందర్భమూ ఉంది. క్రీ.పూ. 133లో తిబెరియస్ గ్రాకస్ పేదలకు ప్రభుత్వ భూములు పంచే చట్టాన్ని తెచ్చినప్పుడు, దానిని అడ్డుకున్నది మరో ట్రిబ్యూన్ మార్కస్ ఆక్టేవియస్. గ్రాకస్ ప్రజల ఓటుతో అతణ్ణి పదవి నుంచి తొలగించి చట్టాన్ని నెగ్గించుకున్నాడు. ఆ ఏడాదే ప్రత్యర్థులు గ్రాకస్‌ను కొట్టి చంపారు. 

పోలండ్‌లో ఈ హక్కు మరో అంచుకు చేరింది. అక్కడి ప్రతినిధుల సభలో ఏ ఒక్క సభ్యుడైనా లేచి ‘నేను అనుమతించను’ అంటే ప్రతిపాదన ఆగిపోయేది. 1652లో వ్లాదిస్లావ్ సిచిన్‌స్కీ అనే సభ్యుడి అభ్యంతరంతో సమావేశాలే నిష్ఫలమయ్యాయి. క్రమంగా పొరుగురాజ్యాలు ఒక్కో సభ్యుణ్ణి కొనుక్కొని సభనే స్తంభింపజేయడం నేర్చుకున్నాయి. 1791 మే 3 నాటి రాజ్యాంగం ఈ హక్కును రద్దు చేసింది. అప్పటికే ఆలస్యమైంది. నాలుగేళ్ళలో పోలండ్ పటం మీద లేకుండా పోయింది.

ఆధునిక కాలంలో ఒక వింత కనిపిస్తుంది. ఈ అధికారాన్ని ఇచ్చిన ముఖ్యమైన పత్రాలు ఆ మాటను పలకవు. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో ‘వీటో’ లేదు. అధ్యక్షుడు తన అభ్యంతరాలతో బిల్లును తిప్పిపంపుతాడని మాత్రమే ఉంది. అంటే కారణం చెప్పాలి. ఉభయసభలూ మూడింట రెండువంతుల ఆధిక్యంతో ఆ కారణాన్ని కాదనవచ్చు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 27వ అధికరణంలోనూ ఈ మాట కనిపించదు. శాశ్వత సభ్యుల ‘సమ్మతి ఓట్లు’ ఉండాలని మాత్రమే ఉంది. అక్కడ కారణం చెప్పనక్కరలేదు. వీటో పడిన ప్రతిసారీ సర్వసభ్య సభలో చర్చ జరగాలన్న తీర్మానం రావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది.

భారత రాజ్యాంగం 111వ అధికరణంలో కూడా ఈ మాట లేదు. రాష్ట్రపతి ‘ఆమోదాన్ని నిలిపి ఉంచవచ్చు’ అని ఉంది, గడువు లేదు. 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లుపై జ్ఞానీ జైల్‌సింగ్ సంతకమూ చేయలేదు, తిప్పీ పంపలేదు. ఉత్తరాలను తెరిచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చే ఆ బిల్లు చట్టం కాలేదు. ‘నేను నిషేధిస్తున్నాను’ అని వినిపించిన మాట చివరికి మౌనంగా కూడా పనిచేసింది.

దీని మేలుకీడులను చూసే చూపు మనం నిలబడిన చోటును బట్టి మారుతుంది. 1961 డిసెంబరులో గోవా నుంచి భారత సైన్యం వెనుదిరగాలన్న తీర్మానానికి భద్రతామండలిలోని 11 దేశాలలో 7 మద్దతిచ్చాయి. సోవియట్ వీటో దాన్ని ఆపింది. భారతీయులు దాన్ని న్యాయమన్నారు, పోర్చుగల్ అన్యాయమంది.

తెలుగులో వీటోను ‘నిషేధాధికారం’ అంటున్నాం. అర్థం సరిపోయింది, కానీ మనిషి తప్పిపోయాడు. క్రియ నామవాచకమయ్యేసరికి ‘నేను’ మాయమైంది. నిజానికి మన భాషకు ఆ ఇబ్బంది లేదు. ‘ఒప్పను’, ‘సాగనివ్వను’ అన్నప్పుడు చివరి ‘ను’లోనే చెప్పేవాడు ఉన్నాడు, లాటిన్ మాటలో ఉన్నట్టే. ఎక్కడైనా వీటో పడిందని చదివినప్పుడు ఆ ‘ను’ ఎవరిది, ఎవరి తరఫున పలికినది అని అడగాలి. వాకిట్లో బల్ల మీద కూర్చున్నవాడు అంటే ఆ మాట రక్షణ. లోపల సింహాసనం మీద కూర్చున్నవాడు అంటే అదే మాట శాసనం.