సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా: ఖరగ్‌పూర్, గిరి, పది గంటల ఒప్పందం

రైలు ఇంజిన్ నడిపే మనిషిని భారతీయ రైల్వే ఇప్పుడు డ్రైవర్ అనడం లేదు, లోకో పైలట్ అంటోంది. పేరు విమానం దాకా ఎదిగింది. అతని పని ఏ నిమిషాన మొదలై ఏ నిమిషాన ముగుస్తుందన్న తగాదా మాత్రం ఆవిరి ఇంజిన్ల కాలం నుంచి తెగలేదు. ఈ తగాదా చరిత్రలో ప్రతి మలుపులోనూ ఒక తెలుగువాడో, ఒక తెలుగు ఊరో తగులుతుంది. ఒకసారి కార్మికుల పక్షాన, మరొకసారి సంతకం పెట్టే మంత్రి కుర్చీలో, ఇంకొకసారి రాష్ట్రపతి భవనంలో.

ఆ చరిత్రను ఖరగ్‌పూర్ నుంచి చూడటానికి కారణం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ అడవిపక్క ఎర్రనేల మీద కట్టుకున్న ఊరది. జంక్షన్, లోకో షెడ్డు, వర్క్‌షాపు, క్వార్టర్లు అన్నీ కంపెనీవే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కంపెనీ చేతికి తూర్పుకోస్తా మార్గం వాల్తేరు దాకా రావడంతో, నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జనం ఆ పట్టాల వెంటే ఉత్తరానికి నడిచారు. ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా చేరినవారి మనవలు, మునిమనవలు నేటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది ప్రధానంగా వీరిని చూసే. అసెంబ్లీ ఎన్నికలు కొద్ది నెలల దూరంలో ఉన్నాయన్నది కూడా నిజమే.

ఆ పాత ఊళ్లో మెయిల్ రైళ్ల ఇంజిన్ మీద నిలబడే అర్హత యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఉండేది. బొగ్గు ఎత్తిపోసే పార, షంటింగ్, గూడ్సు బండి భారతీయుల వంతు. జీతంలో, క్వార్టర్‌లో, సెలవులో అదే తేడా. ఈ తేడా మీదనే అక్కడి యూనియన్ పుట్టింది.

దానికి ముఖమైనవాడు వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో 1894లో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో మెలిగిన ఫలితంగా 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చిన న్యాయవాది. రైల్వేలో ఉద్యోగి కాడు. ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగే నాయకుడైతే కంపెనీ అతన్ని బదిలీ చేయగలదు, తీసేయగలదు, క్వార్టర్ ఖాళీ చేయించగలదు. బయటి వకీలును ఏమీ చేయలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన గిరి, 1920ల మధ్యలో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరయ్యారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు.

1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ సమ్మె కట్టింది. స్టేషన్‌లో కార్మికుల మీద కాల్పులు జరిగాయి. మార్చిలో సమ్మె ముగిసింది. సెప్టెంబర్‌లో కంపెనీ వర్క్‌షాపు నుంచి వెయ్యికి పైగా కార్మికులను తగ్గిస్తామని ప్రకటించింది. పని ఆగింది, కంపెనీ గేట్లు మూసింది, డిసెంబర్ దాకా తెరవలేదు. జీతం లేని మూడు నెలలు రైల్వే క్వార్టర్లో గడపడమంటే, తలమీది కప్పు కూడా యజమానిదే అయినచోట పస్తులుండటం. ఆ పోరాటం నుంచి గిరి తెచ్చుకున్న పాఠం సమ్మెలను మానేయాలని కాదు, ట్రిబ్యునళ్లను నమ్ముకోవద్దని. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, ప్రభుత్వం మధ్యలో తీర్పరిగా దూరకూడదు. తర్వాతి రోజుల్లో దీన్నే గిరి విధానమన్నారు. యజమాని ప్రభుత్వమే అయినప్పుడు ఆ విధానం ఏమవుతుందన్నది మిగిలిపోయిన ప్రశ్న.

పని గంటల మీద తొలి చట్టం 1930లో వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక అమలు కోసం రైల్వే చట్టాన్ని సవరించి, నిరంతరంగా పనిచేసే ఉద్యోగికి సగటున వారానికి 60 గంటలు, నడుమనడుమ విరామం దొరికే ఉద్యోగికి 84 గంటలు పరిమితి పెట్టారు. ఇంజిన్ మీది మనిషిని మాత్రం ఆ పరిధిలోంచి తప్పించారు. రైలును నడిపేవాడికే గంటల లెక్క లేదు!

ఎందుకు తప్పించారో అర్థం కావాలంటే ఆ పని తీరు తెలియాలి. గూడ్సు బండికి వేళ అంటూ ఉండదు. బండి తయారైనప్పుడు కాల్‌బాయ్ పుస్తకం పట్టుకుని అర్ధరాత్రి క్వార్టర్ తలుపు తడతాడు, డ్రైవర్ లేచి సంతకం పెట్టాలి. షెడ్డుకు వెళ్లి సైన్ ఆన్ చేయాలి, ఇంజిన్‌ను పరీక్షించాలి, బండికి తగిలించాలి, సిగ్నల్ కోసం కాచుకోవాలి. దారిలో ప్రతి మెయిలుకూ, ప్యాసింజరుకూ పక్కకు తప్పుకుని లూప్ లైనులో నిలబడాలి. చేరాక ఇంజిన్ అప్పగించి సైన్ ఆఫ్ చేసి, పరాయి ఊరి రన్నింగ్ రూంలో పడుకోవాలి. చక్రం తిరిగిన సేపే పని అంటుంది యాజమాన్యం. సంతకం నుంచి సంతకం దాకా పనే అంటాడు డ్రైవర్. అతనికొచ్చే భత్యం కూడా మైళ్ల లెక్కనే కనుక, లూప్ లైనులో నిలబడ్డ గంటలకు ఒంటి అలసటే మిగిలేది.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో జస్టిస్ రాజాధ్యక్ష విచారణ ఇంజిన్ సిబ్బందిని గంటల నిబంధనల కిందికి తెచ్చింది. వారానికి సగటు 54 గంటలు. కాగితం మీద అది పెద్ద మార్పే. కానీ సగటు అన్న మాటకు లొంగని అన్యాయం లేదు. ఒక రాత్రి 16 గంటలు నిలబెట్టి మరో రోజు తగ్గిస్తే సగటు సరిపోతుంది, ఆ రాత్రి కళ్లు మూతపడితే బాధ్యత డ్రైవర్‌ది.

పెద్ద యూనియన్లు తమ గోడు పట్టించుకోవడం లేదని ఇంజిన్ సిబ్బంది 1970లో విజయవాడలో సొంత సంఘం పెట్టుకున్నారు: అఖిల భారత లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషన్. గుర్తింపు లేని సంఘం. 1973 ఆగస్టులో ఆ సంఘమే దేశమంతటా రైళ్లను నిలిపింది, ప్రభుత్వం మాటలకు దిగివచ్చింది. నాటి కేంద్ర కార్మిక మంత్రి కె.వి. రఘునాథరెడ్డి మధ్యవర్తిత్వంలో పది గంటల ఒప్పందం కుదిరింది. సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా పది గంటలు, అంతే. విషయం పార్లమెంటులోనూ ప్రకటించారు. ఈ చరిత్ర మొత్తంలో గిరి విధానం తు.చ. తప్పకుండా పనిచేసిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే.

అమలు మాత్రం విడతలవారీ అన్నారు. విడత అన్న మాట రైల్వే భాషలో ఎంత పొడవుంటుందో ఆ ఏడాది చివరికే తెలిసింది. తర్వాతి ఏడాది మే 8న మొదలైన సార్వత్రిక రైల్వే సమ్మెలో రైల్వే ఉద్యోగులందరికీ ఎనిమిది గంటల పనిదినం ముఖ్యమైన కోరికల్లో ఒకటి. చర్చలు సాగుతుండగానే మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. సమ్మె చట్టవిరుద్ధమన్నారు. మీసా కింద, భారత రక్షణ నిబంధనల కింద వేలమందిని జైళ్లలో పెట్టారు, కుటుంబాలను క్వార్టర్లలోంచి వెళ్లగొట్టారు. ఇరవై రోజులకు సమ్మె విరిగింది.

ఫెర్నాండెజ్ అప్పుడు అధ్యక్షుడుగా ఉన్నది గిరి పునాది వేసిన ఆ రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కే. రాష్ట్రపతి గిరి. ఖరగ్‌పూర్ గేట్లు మూతపడ్డ మూడు నెలలూ కార్మికుల పక్షాన నిలిచిన మనిషి, రైల్వే కార్మికుల మీద స్వతంత్ర భారతంలో అంతవరకూ ఎరగని అణచివేత జరిగినప్పుడు దేశాధినేత. మంత్రివర్గం సలహాకు కట్టుబడే పదవి అది, నిజమే. కానీ 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును మంత్రివర్గం మార్చిందని కార్మిక మంత్రి పదవిని వదులుకున్నదీ ఆయనే. 1974 మేలో ఆయన పదవీకాలం ఇంకా మూడు నెలల పైచిలుకే ఉంది, అది పూర్తయ్యేదాకా ఉన్నారు. గిరి విధానానికి ఎదురైన అసలు పరీక్ష అదే. ఎదురుగా కూర్చోవలసిన యజమాని చేతిలో పోలీసులు, ఆర్డినెన్సులు ఉన్నప్పుడు బల్లకు రెండు వైపులు ఉండవు.

1981 సమ్మె మరింత ఒంటరిది. లోకో సిబ్బందిని విచారణ లేకుండానే, క్రమశిక్షణ నిబంధనల్లోని 14(2) కింద ఉద్యోగాల నుంచి తీసేశారు. వారిని తిరిగి తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1993 వచ్చింది. పన్నెండేళ్లు. ఈలోగా పది గంటలు కూడా నిబంధనల్లో కొద్దిగా జరిగాయి. సైన్ ఆన్ నుంచి కాక, రైలు బయలుదేరినప్పటి నుంచి లెక్క.

విమాన పైలట్ల కథ ఇప్పుడు ఇక్కడికే వచ్చి కలిసింది. 2024 జనవరిలో పౌరవిమానయాన డైరెక్టరేట్ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. విమాన సంస్థలు అడ్డు చెప్పాయి, అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక 2025 జులై, నవంబర్ నెలల్లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చింది. మళ్లీ విడతలే! డిసెంబర్ తొలి వారంలో ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది, విమానాశ్రయాల్లో జనం నేలమీద నిద్రపోయారు. ప్రభుత్వం కొత్త నిబంధనలను ఇండిగోకు తాత్కాలికంగా సడలించింది. ఆ శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. ఒకప్పుడు ఖరగ్‌పూర్ షెడ్లకు ఫైర్‌మన్లను పంపిన నేల అది.

రెండు చోట్లా ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1973లో రైళ్లు ఆగితే కార్మికుడికి పది గంటల హామీ దక్కింది, 2025లో విమానాలు ఆగితే యజమానికి మినహాయింపు దక్కింది. ఎవరు ఆపారన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

వారానికి 48 గంటల విశ్రాంతి విమాన పైలట్‌కు ఇప్పుడు నిబంధన. లోకో పైలట్ అడుగుతున్నది 46. ఇంటి ఊరు చేరాక దొరికే 16 గంటల విశ్రాంతి వేరు, వారానికొకసారి రావలసిన 30 గంటలు వేరు, రెండూ కలిపి ఇవ్వాలని 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళనకు దిగారు. ఆ 30లోనే 16 కలిసి ఉందన్నది రైల్వే వాదన.