కేస్ స్టడీ: హార్వర్డ్ నుంచి కుప్పం దాకా

పాఠం చెప్పడానికి పనికొచ్చే కేస్ స్టడీ మొదట న్యాయవిద్యలో రూపుదిద్దుకుంది. 1870లో హార్వర్డ్ లా స్కూలు డీన్ అయిన క్రిస్టఫర్ లాంగ్‌డెల్ ఉపన్యాసం పక్కన పెట్టి, కోర్టు తీర్పులనే విద్యార్థుల చేతికిచ్చి చర్చకు దింపాడు. మరుసటి ఏడాది ఒప్పందాల చట్టంపై తీర్పుల సంకలనం తెచ్చాడు. న్యాయవిద్యార్థులకు తీర్పులు అచ్చులో సిద్ధంగా దొరుకుతాయి. 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు ఆ సదుపాయం లేదు. కంపెనీల లోగుట్టు ఎవరు అచ్చేస్తారు? కాబట్టి కేసులను పనిగట్టుకుని రాయించవలసి వచ్చింది. 1920లో మెల్విన్ కోప్‌లాండ్ మార్కెటింగ్ సమస్యల పుస్తకం వెలువడింది.

మన దేశంలో 1961లో ఏర్పడిన అహ్మదాబాద్ ఐఐఎం, హార్వర్డ్ సహకారంతో ఈ పద్ధతి వేళ్లూనుకునేలా చేసింది. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్ ఎథిక్స్ పేపర్లోనూ కేస్ స్టడీలు చేరాయి. ఇప్పుడు కోచింగ్ సెంటర్లకు వెళ్లే కుర్రకారుకు కూడా ఆ మాట కొత్త కాదు.

మంచి కేసుకు ఒక మనిషి, ఒక తేదీ, తప్పించుకోలేని ఒక నిర్ణయం ఉంటాయి. తర్వాత ఏం జరిగిందో అందులో ఉండదు. అంకెలు, వాదాలు ఇచ్చి రచయిత తప్పుకోవాలి, తీర్పు తరగతిది. చర్చ నడపడానికి అధ్యాపకులకు వేరే బోధనా సూచిక రాస్తారు. చిక్కంతా అనుమతి దగ్గర వస్తుంది. సంస్థ సరేనంటేనే కేసు బయటికొస్తుంది కనుక, సంస్థకు నచ్చని సంగతులు జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఈ ప్రమాదానికి చక్కని ఉదాహరణ చిత్తూరు జిల్లాలోని కుప్పం. తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల నడుమ ఉన్న ఈ నియోజకవర్గం 2002లో ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడిది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి హెచ్‌పీ కంపెనీ ఇక్కడ 'ఐ-కమ్యూనిటీ' ప్రారంభించింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల మహిళలకు సౌరశక్తితో నడిచే ప్రింటర్లు, డిజిటల్ కెమెరాలు ఇచ్చి ఫొటోగ్రాఫర్లను చేశారు. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీనిపై వ్యాసం వచ్చింది. రాసిన ఇద్దరిలో డెబ్రా డన్ హెచ్‌పీ ఉన్నతాధికారిణి.

పథకం అప్పటికింకా నడుస్తూనే ఉంది. 2004 ఎన్నికల్లో చంద్రబాబు ప్రభుత్వం ఓడింది. 2005 ఫిబ్రవరిలో హెచ్‌పీ అధినేత్రి కార్లీ ఫియోరినా పదవి పోయింది. అండగా నిలిచిన ఇద్దరూ ఏడాది తిరక్కుండానే అధికారం కోల్పోయారన్నమాట. 2008లో ఆంకె ష్విట్టే అనే పరిశోధకురాలు ఇదే కుప్పాన్ని కంపెనీ ప్రయోగశాలగా విమర్శిస్తూ రాశారు.

తరగతికి రెండు రచనలూ కావాలి: ముందు 2003 నాటిది చదివించి నిర్ణయం అడగాలి, ఆ తర్వాతే 2008 నాటిది చేతికివ్వాలి. మొదటిదొక్కటే ఇస్తే అది పాఠం కాదు, ప్రచారం. కుప్పంపై కొత్తగా కేసు రాయదలచినవారు ఆ కెమెరాలు పట్టిన మహిళలను, కేంద్రాలు నడిపినవారిని ముందు పలకరించాలి.