మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘం, నాగర్‌కర్నూల్

స్థానికులు ఎం.బి. చర్చి అని పిలిచే ఈ ప్రొటెస్టంట్ సంఘానికి 1906లో పునాది పడింది. 1899లో నిజాం రాజ్యానికి వచ్చిన అమెరికన్ మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ మొదట హైదరాబాదు మలక్‌పేటలో, తర్వాత ఇక్కడ కేంద్రం పెట్టింది. వనపర్తి సంస్థానంలో కేంద్రం ఆ తర్వాతిది. గద్వాల కేంద్రం కథ వేరు. మహబూబ్‌నగర్‌తో పాటు అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉండి, 1937లో ఈ మిషన్‌కు మారింది. రెండు మిషన్లదీ విశ్వసించిన వారికే నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే పద్ధతి కనుక ఆచారంలో చిక్కు రాలేదు.

మిషనరీల పేర్లతోనే ఈ చరిత్ర చెప్పడం పరిపాటి. అది సగం కథే. పల్లెల్లో సంఘాలను నిలబెట్టింది తెలుగు బోధకులు, ఇంటింటికీ తిరిగిన బైబిల్ స్త్రీలు. సంఘస్థుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో వారి పిల్లలకు పలకాబలపం ఇచ్చింది మిషన్ బడి. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో మరణించేదాకా ఈ మిషన్ కేంద్రాల్లోనే వైద్యం చేశారు.

ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతారు. కోత పండుగకు జొన్నలు, వేరుశనగ, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. ప్రార్థనయ్యాక వేలం. పాడుకున్నవారే కోడిపుంజును తిరిగి సంఘానికి ఇచ్చేస్తే, అది మళ్లీ వేలానికొస్తుంది.

ఈ మిషన్‌కే చెందిన మిషనరీ దంపతులకు 1932లో శంషాబాదులో పుట్టిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్, మహబూబ్‌నగర్ జిల్లా పల్లె ఒకదాని కులవ్యవస్థపై రాసిన ‘కొండూరు’ గ్రంథం 1971లో వెలువడింది.